పెడల్ మీద కాలు

పోయిన వారం మా అన్నయ్య తన మెకానిక్ షెడ్డు రేకు తలుపు మా మొహాన దింపేసిన దగ్గర ఆగాం. కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. మా ఇంటికి తిండి పెట్టేది ఒక ముసలి కారు. మా వీధి పిల్లల్ని పొద్దున అందులో బడికి తీసుకెళ్ళి, సాయంత్రం ఇళ్ళకి చేరుస్తాడు మా బావ, అంటే నన్ను కట్టుకున్నవాడు. నేను పక్కన కూర్చుని పిల్లల్ని ఎక్కిస్తాను, దించుతాను. ఆ కారుకి క్లచ్ జారుతోంది. ఎండాకాలంలో మా అన్నయ్యే కొత్త ప్లేటు వేశాడు. ఏళ్ళ తరబడి రావాల్సిన ప్లేటు వానలు మొదలయ్యేసరికే అరిగిపోయింది. "ఎవరో పెడల్ మీద కాలు ఆనించి తోలుతున్నారు" అన్నాడు అన్నయ్య. "నువ్వు పాత ప్లేటు కడిగి వేశావు" అన్నాడు బావ. ఆ మాటకి అన్నయ్య చేతిలో స్పానరు వెళ్ళి గోడకి తగిలింది. "ఈ బండి మళ్ళీ నా గుమ్మం ముందుకి రాకూడదు" అని తలుపు దింపేశాడు.

ఆ బండి స్టీరింగ్ పట్టేది ఇద్దరమే. బావ సరిగ్గా మీసం రాకముందు నుంచీ తోలుతున్నాడు. నేను ఈమధ్యే, సెలవు రోజుల్లో, వీధి వెనక ఖాళీ స్థలంలో నేర్చుకుంటున్నాను. ఇక ఆ కాలు ఎవరిదో ఒకరు చెప్పాలా. షెడ్డు నుంచి ఇంటికి వచ్చే దారంతా నా ఎడమ కాలినే చూసుకుంటూ వచ్చాను, అదేదో ఇంట్లో దొంగతనం చేసి దొరికిపోయినట్టు.

మర్నాడు పొద్దున లేచేసరికి వాన. ఆగుతుందన్న ఆశ కూడా పెట్టుకోనివ్వని ముసురు.

మా అత్త వంటింటి గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంది. నేను చిట్టిదానికి జడ వేస్తుంటే, నాతో కాకుండా గోడతో చెప్పినట్టు మొదలుపెట్టింది.

"కోడలు స్టీరింగ్ పట్టింది. బండి మంచం పట్టింది."

"బండికి మంచం ఎక్కడుంది నానమ్మా?" అంది చిట్టిది.

"మీ అమ్మనడుగు."

నేను జడ గట్టిగా లాగాను కాబోలు, పిల్ల కెవ్వుమంది. అత్త ఊరుకోలేదు. "వాడు నోరు తెరిచి నిన్ను ఒక్క మాట అనడు. అది వాడి మంచితనం. అన్నాచెల్లెళ్ళు కలిసి మా బండిని మట్టిలో కలిపారు. ఒకరు పాత సామాను వేశారు, ఒకరు తొక్కి తొక్కి పెట్టారు."

"అత్తా, నేను ఆ ఖాళీ స్థలంలో తిప్పింది ఎంతని."

"ఎంతైతేనేం. పాలు విరగడానికి కుండెడు నిమ్మరసం పోస్తామా."

బావ అప్పటికే బయట వానలో బానెట్ ఎత్తి నిలబడ్డాడు. క్లచ్ కేబుల్ దగ్గర నట్టు వదులు చేసి చూస్తున్నాడు. అది ఇంకో చుట్టు తిరిగే చోటే లేదని అన్నయ్య ముందే చెప్పాడు. బావకీ తెలుసు. అయినా స్పానరు పెట్టి తిప్పుతూనే ఉన్నాడు, ఖాళీ డబ్బా అడుగున గరిటె పెట్టి గీకినట్టు.

క్లచ్ జారడమంటే ఏంటో తెలియనివాళ్ళకి ఇలా చెబుతాను. ఇంజను పరిగెడుతుంది, చక్రాలకి ఆ కబురు అందదు. ఎక్సలేటరు తొక్కేకొద్దీ అరుపు పెరుగుతుంది, వేగం పెరగదు. కేకలేసే పెద్దమనిషి మాట ఇంట్లో ఎవరూ లెక్కచేయనట్టు. చదును రోడ్డు మీద ఎలాగో నెట్టుకొస్తుంది. ఎక్కుడు వస్తే చేతులెత్తేస్తుంది. మా ఖర్మ ఏంటంటే బడి ఉన్నదే ఎక్కుడు మీద.

అందుకని కొన్నాళ్ళుగా ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఎక్కుడు కింద చిల్లర కొట్టు దగ్గర పిల్లలందరినీ దించేస్తాను. నేను వాళ్ళతో నడిచి ఎక్కుతాను, బావ ఖాళీ బండితో ముందు వెళ్తాడు. పిల్లలకి అది పందెం. బండి గెలుస్తుందా మేం గెలుస్తామా అని వాళ్ళు పరుగులు పెడుతుంటే, వెనక వాళ్ళ సంచులన్నీ భుజానేసుకుని నేను. పై గేటు దగ్గర మళ్ళీ ఎక్కించుకుని లోపల దించితే, చూసేవాళ్ళకి అంతా మామూలే. తల్లిదండ్రులెవరికీ ఈ సంగతి తెలియదు.

కానీ వానలో ఎలా నడిపించను.

కళ్ళజోడు పిల్లని ఎక్కించేటప్పుడు వాళ్ళమ్మ గొడుగు పట్టుకుని కారు దాకా వచ్చింది. ఆ పిల్ల జ్వరం తగ్గి నిన్ననే లేచింది. "తల తడవనివ్వకమ్మా" అని, వెళ్ళబోతూ ఆగి, "బండి బాగానే ఉంది కదా. ఏదో కమురు వాసన వస్తోందంటోంది మా పిల్ల" అంది.

"వానకి ఆ వాసన వస్తుందండీ" అన్నాను. ఇంత చక్కగా అబద్ధాలు ఎప్పుడు నేర్చుకున్నానో నాకే తెలియదు.

ఎక్కుడు దగ్గరికి వచ్చేసరికి వాన ఇంకా పెరిగింది. బావ బండి ఆపి నా వైపు చూశాడు.

"దించొద్దు. ఒకటో గేరులో లాగించేస్తాను" అన్నాడు.

"లాగుతుందా?"

"లాగకేం చేస్తుంది. దేవుడిని తలుచుకో."

మొదట్లో బాగానే ఎక్కింది. పాలపళ్ళూడిన పిల్లాడొకడు వెనక నుంచి "బండంకుల్, ఇవాళ పందెం లేదా" అని అడుగుతున్నాడు. సగం దాకా వచ్చామో లేదో ఇంజను అరుపు ఒక్కసారిగా పైకి లేచింది. కారు మాత్రం నీళ్ళలో నిలబడినట్టు అలాగే ఉంది. బావ ఇంకా తొక్కాడు. ఇంకా అరిచింది. మాడిన వాసన, గోరు కాలితే వచ్చేలాంటిది, లోపలంతా కమ్మేసింది. కళ్ళజోడు పిల్ల ముక్కు మూసుకుని "ఆంటీ, బండికి కూడా జ్వరం వచ్చింది" అంది. నవ్వబోయాను. అంతలో కిటికీ అద్దంలోంచి కనిపించే కరెంటు స్తంభం ముందుకి జరిగింది.

స్తంభాలు జరగవు. మేమే వెనక్కి జారుతున్నాం.

వెనక సిమెంటు లారీ ఉంది. దాని హారను ఆగకుండా మోగుతోంది. బావ బ్రేకు మీద నిలబడి, హ్యాండ్ బ్రేకు రెండు చేతులతో లాగాడు. నేను తలుపు తీసుకుని దూకాను. రోడ్డు పక్కనున్న రాయి ఎత్తి వెనక చక్రం కింద తోశాను. అంత రాయి నేనెలా ఎత్తానో ఇప్పటికీ అర్థం కాదు. లారీవాడు కిటికీలోంచి తల బయట పెట్టి, "పిల్లల్ని పెట్టుకుని ఏం సర్కసమ్మా ఇది" అన్నాడు. తిట్టినా బాగుండేది. జాలిగా అన్నాడు.

పిల్లల్ని ఒక్కొక్కరినే దించాను. కళ్ళజోడు పిల్ల తల మీద నా పైట కప్పాను. పైదాకా నడిచి వెళ్ళేసరికి అందరం పిండేసిన బట్టల్లా ఉన్నాం. గేటు దగ్గర ఆయా ఒక తువ్వాలు తెచ్చి ఇచ్చింది. చిట్టిది లోపలికి వెళ్తూ వెనక్కి తిరిగి, "సాయంత్రం కూడా పందెమేనా అమ్మా" అని అడిగింది.

సాయంత్రం. అప్పుడు గుర్తొచ్చింది నాకు. పొద్దున ఎక్కాలి. సాయంత్రం ఇదే రోడ్డు మీద, నిండా పిల్లలతో, దిగాలి.

బావ ఖాళీ బండిని ఎలాగో పైకి తెచ్చి బడి వెనక గోడ పక్కన పెట్టాడు. నేను వెళ్ళి కూర్చున్నాను. అద్దాలకి ఆవిరి పట్టింది. చివరికి నేనే అన్నాను.

"అన్నయ్య దగ్గరికి వెళ్దాం బావా. నేను కాళ్ళు పట్టుకుంటాను."

"వాడి కాళ్ళు నువ్వెందుకు పట్టుకోవాలి."

"తప్పు నాదేగా."

బావ ఏమీ అనలేదు. ఇదే నాకు అర్థం కాని సంగతి. నిన్నటి నుంచి చూస్తున్నాను. అత్త నన్ను అంటుంటే అడ్డు రాడు, తను అనడు. తప్పు నాది కాదని ఒక్క మాట చెప్పడు. నాదేనని కూడా చెప్పడు.

"కనీసం నేర్పించైనా నేర్పించు" అన్నాను. "పెడల్ మీద కాలు ఆనించడమంటే ఏంటి? నేను ఏం చేస్తున్నానో నాకే తెలియడం లేదు. నువ్వు తోలుతూ చూపించు. నీ కాలు చూస్తాను."

"ఇప్పుడు కాదులే."

"ఇప్పుడే. బడి చుట్టూ రోడ్డు చదునుగానే ఉంది. ఒక్కసారి తిప్పు."

"తడిసిపోయావు. ఇంటికెళ్దాం."

"ఇంటికెళ్తే మీ అమ్మ మళ్ళీ మొదలుపెడుతుంది. చూపించు బావా."

పెద్దగా నిట్టూర్చి బండి తీశాడు. మెల్లగా గోడ వెంట పోనిచ్చాడు. నేను ముందుకి వంగి కింద పెడల్స్ వైపు చూస్తున్నాను. ఒకటి, రెండు, మూడు గేర్లు పడ్డాయి. పాఠం చెప్పే పంతులులా, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా చెబుతున్నాడు.

"గేరు మార్చేటప్పుడే క్లచ్. అది అయిపోయిందా, ఎడమ కాలు పూర్తిగా తీసెయ్యాలి. తీసి పక్కన కింద పెట్టెయ్యాలి. ఊరికే పెట్టుకుంటే దాని బరువుకే పెడల్ కొంచెం దిగుతుంది, లోపల ప్లేటు రాసుకుంటూ ఉంటుంది. అర్థమైందా? ఇదిగో, తీసేశాను చూడు. ఇలా."

నేను చూస్తున్నాను.

అతని బూటు పెడల్ మీదే ఉంది.

తప్పు ఎలా ఉంటుందో చూపిస్తున్నాడేమో అనుకున్నాను. "అది తప్పుగా పెట్టడం కదా. సరిగ్గా ఎలాగో చూపించు" అన్నాను.

"ఇదే సరైనది. కాలు కింద పెట్టాను కదా."

"పెట్టలేదు బావా. తియ్యి."

"తీశానే."

"పెడల్ మీదే ఉంది."

"వేళాకోళాలాడకు" అన్నాడు. కానీ గొంతు మారిపోయింది. మెడ వంచి కిందికి చూశాడు. చూసిన తర్వాత, అప్పుడు, ఆ కాలు కదిలింది. ఎవరో నిద్రపోతున్న పిల్లాడి చెయ్యి పట్టుకుని పక్కకి పెట్టినట్టు, తొడతో పైకి ఎత్తి పక్కకి వేశాడు. ఇంజను అరుపు ఠక్కున తగ్గి, కారు ముందుకి దూకింది.

బండి పక్కకి తీసి ఆపాడు.

నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, కోపం. నిన్నంతా, రాత్రంతా నేను మోసిన నింద. అన్నయ్య మొహం. పాత ప్లేటు వేశాడని, పదిమంది వినేలా, తనకి తోబుట్టువు లాంటి మనిషిని బావ అన్న మాట.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"ఏది?"

"బావా."

వైపరు గాజు మీద కిర్రుమంటూ తిరుగుతోంది. దాన్ని ఆపేశాడు. "చలికాలంలో నడుం పట్టేసింది చూడు. ఆ తర్వాత. మొదట వేళ్ళ దగ్గర మొద్దుగా ఉండేది. తిమ్మిరి అనుకున్నాను. ఇప్పుడు మడమ దాకా లేదు."

"లేదంటే?"

"లేదంటే లేదు. దూది తొక్కినట్టు ఉంటుంది. ఒక్కోసారి అది కూడా ఉండదు. చూస్తే తప్ప ఎక్కడుందో తెలియదు. బండి తోలుతూ కిందికి చూడలేను కదా."

ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. ఎండాకాలంలో ఒక సాయంత్రం ఒక్క చెప్పుతో ఇంటికి వచ్చాడు. రెండోదేది అంటే తల గోక్కున్నాడు. అత్తతో సహా అందరం పొట్ట పట్టుకుని నవ్వాం. మర్నాటి నుంచి తాళ్ళ బూట్లు వేసుకోవడం మొదలుపెట్టాడు. ఎంత ఉక్కపోతగా ఉన్నా అవే. షోకు ఎక్కువైందని వెక్కిరించాను నేను. ఆ బూట్ల తాళ్ళు అంత బిగించి కట్టేది ఎందుకో ఇప్పుడు తెలిసింది.

"నీకు ఎప్పుడు తెలిసింది, ప్లేటు అరగ్గొడుతున్నది నువ్వేనని?"

"మీ అన్నయ్య ఆ మాట అనగానే."

"తెలిసే అన్నావా, పాత ప్లేటు అని?"

తల ఊపాడు.

"తెలిసే మీ అమ్మని నన్ను అననిచ్చావా?"

ఈసారి తల కూడా ఊపలేదు. కిటికీ వైపు తిరిగాడు. "మరి ఏం చెప్పమంటావు. కాలు పనిచెయ్యడం లేదని మీ అన్నయ్యకి చెబితే తాళం తీసుకుని జేబులో వేసుకుంటాడు. డాక్టరు దగ్గరికి వెళ్తే ముందు అనే మాట బండి తోలొద్దనే. కళ్ళజోడు పిల్ల వాళ్ళమ్మకి తెలిసిన గంటలో వీధి మొత్తానికి తెలుస్తుంది. ఆ తర్వాత మనకి ఏముంది? నాకు వచ్చిన పని ఇదొక్కటే. నువ్వు నేర్చేసుకుంటే, ఈలోగా నెట్టుకొద్దామనుకున్నాను. అందుకే నీకు నేర్పిస్తున్నాను. ముచ్చటపడి కాదు."

ఖాళీ స్థలంలో నేను మొదటిసారి రెండో గేరు వేసిన రోజు చప్పట్లు కొట్టాడు. అది మా ఇద్దరి సంతోషం అనుకున్నాను.

"సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్ళొద్దు" అన్నాను.

"ఎవరు తీసుకెళ్తారు మరి?"

"ఎవరో ఒకరు. అందరినీ నడిపించి తీసుకెళ్తాను. ఆటోలు మాట్లాడతాను. నువ్వు మాత్రం వద్దు."

"ఒక్క విషయం విను." ఇప్పుడు నా వైపు తిరిగాడు. బతిమాలుతున్నాడు. పెళ్ళయిన ఇన్నాళ్ళలో ఈ మొహం నేను చూడలేదు. "ఎడమ కాలికి ఉన్న పని క్లచ్ ఒక్కటే. అది పోతే బండి ఆగుతుంది, అంతే. కదలని బండి ఎవరినీ చంపదు. బ్రేకు కుడి కాలిది. ఎక్సలేటరు కుడి కాలిది. పిల్లల ప్రాణాలు ఉన్నది కుడి కాలి కింద. అది గట్టిగా ఉంది. పొద్దున ఆపాను కదా, లారీ ముందు. ఇంకొన్నాళ్ళు. నీకు చెయ్యి తిరిగేదాకా. మీ అన్నయ్య కాళ్ళు నేనే పట్టుకుంటాను, ఇంకో ప్లేటు వేయిస్తాను. ఎడమ కాలు ఎత్తి పక్కన పెట్టడం నువ్వు పక్కన కూర్చుని గుర్తు చెయ్యి. చాలు."

నిజం చెబుతున్నాను, ఒక్క క్షణం సరేననిపించింది. పక్కన కూర్చుని "కాలు, కాలు" అంటూ ఉంటే గడిచిపోతుందేమో అనిపించింది. అంతగా భయపడి ఉన్నాను నేను. పొయ్యి ఆరిపోతుందన్న భయం ముందు మనిషి ఎంతకైనా ఒప్పుకుంటాడు.

కానీ అప్పుడే చిట్టిది గుర్తొచ్చింది. పోయిన సెలవు రోజు బావ పడుకుని ఉంటే, వాళ్ళ నాన్న కాళ్ళ దగ్గర చేరి అరికాళ్ళు గోకుతోంది. ఎంత గోకినా బావ నవ్వలేదు, కాళ్ళు లాక్కోలేదు. అది పరిగెత్తుకుంటూ వంటింట్లోకి వచ్చి, "అమ్మా, మా నాన్నకి చక్కిలిగింతలే రావు, మా నాన్న చాలా గట్టి" అని గొప్పలు పోయింది. నేను పప్పు కడుగుతూ ఊఁ కొట్టాను.

అది గోకింది ఒక్క కాలు కాదు. రెండూ.

"బూట్లు విప్పు" అన్నాను.

"ఎందుకు?"

"విప్పు."

నా గొంతులో ఏం వినిపించిందో, మారు మాట్లాడకుండా సీటు వెనక్కి జరిపి, తాళ్ళు విప్పి, రెండు కాళ్ళూ నా వైపు పెట్టాడు. నానిపోయిన తెల్లటి పాదాలు. ఎడమ పాదం పక్కన ఎప్పుడో కోసుకుపోయి తనంతట తానే మానిన గీత ఉంది. అది ఎలా తెగిందో అతనికీ తెలిసి ఉండదు.

చేతికున్న గాజుల్లోంచి పిన్నీసు తీశాను.

"కళ్ళు మూసుకో."

"ఏంటే ఇది, చిన్నపిల్లల ఆట."

"మూసుకో బావా."

మూసుకున్నాడు. ముందు ఎడమ కాలు బొటనవేలి కింద గుచ్చాను. చిన్న రక్తపు బొట్టు పూసగా నిలబడింది. అతని మొహంలో ఒక్క గీత కదల్లేదు. చీర కొంగుతో తుడిచాను. నా కళ్ళ నీళ్ళు ఆ పాదం మీద పడ్డాయి. అవి కూడా అతనికి తెలియలేదు.

"ఎడమది అయిపోయింది" అన్నాను. "ఇక కుడిది."

"దానికి ఏమీ లేదని చెప్పానుగా." కళ్ళు మూసుకునే నవ్వడానికి ప్రయత్నించాడు. "మెల్లగా. చురుక్కుమంటే తన్నేస్తాను, తర్వాత నన్ననొద్దు."

తన్నాలి. ఆ ఒక్కటే కోరుకున్నాను. నా దవడ మీద తన్నినా ఫరవాలేదు, పళ్ళు రాలినా ఫరవాలేదు. కుడి పాదం నా ఒళ్ళోకి తీసుకున్నాను. బ్రేకు నొక్కే చోట, వేళ్ళ కింద మెత్తటి దగ్గర పిన్ను ఆనించాను. నొక్కాను. కాలు కదల్లేదు. ఇంకాస్త నొక్కాను. పిన్ను సగం దాకా దిగింది.

వాన చప్పుడు. బడిలోంచి పిల్లలు ఒకే గొంతుతో ఎక్కాలు చదువుతున్నారు.

బావ కళ్ళు మూసుకునే ఉన్నాడు. కాస్త విసుగ్గా అన్నాడు:

"ఊఁ, గుచ్చు మరి. ఇంకా ఎంతసేపు?"